మందుకు మినహాయింపు, పరీక్షకు నిరీక్షణ

న్యూఢిల్లీ: పన్ను తగ్గింపు మాట వినిపించినప్పుడు బల్లలు చరచడం మన పార్లమెంటులో పాత ఆనవాయితీ. ఆ తగ్గింపు కాన్సర్ మందులపైన అయితే కాదనే పక్షం ఏదీ ఉండదు. 2024 జూలై 23న ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ లోక్‌సభకు బడ్జెట్టు సమర్పిస్తూ మూడు కాన్సర్ ఔషధాలను దిగుమతి సుంకం నుండి పూర్తిగా మినహాయించారు. వాటిలో ఒసిమెర్టినిబ్, దుర్వాలుమాబ్ అనే రెండూ ఊపిరితిత్తుల కాన్సర్‌కు వాడేవి. అదే సంవత్సరం సెప్టెంబరులో జి.ఎస్.టి. మండలి ఆ మూడింటిపై పన్నును 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించింది. 2025 సెప్టెంబరులో మండలి మరొక అడుగు ముందుకు వేసి 33 ప్రాణరక్షక ఔషధాలపై పన్నును పూర్తిగా ఎత్తివేసింది. అటెజోలిజుమాబ్, అలెక్టినిబ్ అనే మరి రెండు ఊపిరితిత్తుల కాన్సర్ మందులు ఆ జాబితాలో ఉన్నవి.

ఇవన్నీ మంచి పనులే. పాలకులు చేసిన మంచిని మంచి అని చెప్పడానికి విలేఖరి సంకోచించనవసరం లేదు. అయితే ఈ ప్రకటనలన్నింటినీ వరుసగా పేర్చి చూచినప్పుడు ఒక వెలితి కనిపిస్తుంది. ఈ మందులలో ఏదీ ఊపిరితిత్తుల కాన్సర్ రోగులందరికీ పనిచేసేది కాదు. ఎవరికి ఏది ఇవ్వాలో, ఎవరికి ఏది ఇవ్వకూడదో ముందుగా తేల్చే పరీక్షలు ఉన్నవి. మందు మీద పన్ను గురించి ఇంత శ్రద్ధ వహించిన వారు, ఆ పరీక్ష ఖర్చు ఎవరు భరించాలి, అది ఎక్కడ జరగాలి, ఎన్ని రోజులలో ఫలితం రావాలి అన్న విషయాలపై అంత శ్రద్ధ వహించినట్లు కనిపించదు.

కావలివాడు, పాసు

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, చిరకాలంగా సభా కార్యక్రమాలు వ్రాసుకుంటున్న నాబోటివాడికి వైద్య పరిభాష అంత సులువుగా కొరుకుడు పడదు. అయినా ఈ విషయం సారాంశం పార్లమెంటు ద్వారం వద్ద నిత్యం మేము చూచేదే. కావలివారు ప్రతి మనిషినీ ఆపుతారు. సరియైన పాసు చూపితే లోనికి విడుస్తారు. 2023 డిసెంబరు 13న సందర్శకుల గ్యాలరీ నుండి ఇద్దరు వ్యక్తులు లోక్‌సభలోకి దూకి పొగ వదిలిన ఉదంతం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వారు ప్రహరీ గోడ దూకి రాలేదు. పాసులు చూపించే వచ్చారు.

మన శరీరంలో టి కణాలనే కావలివారు ఉన్నారు. అన్యమైన కణం కనిపిస్తే దానిని నాశనం చేయడం వారి పని. స్వంత కణాలపై పొరపాటున దాడి జరగకుండా ప్రకృతి వారికి ఒక కళ్ళెం కూడా వేసింది. టి కణంపై ఉండే ఆ కళ్ళెం పేరు పి.డి.1. ఎదుటి కణం తన మీద పి.డి.ఎల్.1 అనే ప్రొటీనును చూపితే కావలివాడు చేయి దించుతాడు. కొన్ని కాన్సర్ కణాలు ఈ రహస్యం తెలిసినట్లు ఒంటి నిండా అవే పాసులు తగిలించుకుని నిర్భయంగా పెరుగుతాయి. ఇమ్యునోథెరపీ మందులు ఆ పాసు చెల్లకుండా చేస్తాయి. కావలివాడు మళ్ళీ తన పని తాను చేస్తాడు. పి.డి.1 ప్రొటీనును 1992లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం గుర్తించింది. రోగ నిరోధక వ్యవస్థకు ఉన్న కళ్ళేలను విప్పి కాన్సర్‌కు చికిత్స చేసే మార్గం చూపినందుకు హోంజోకు, అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆలిసన్‌కు 2018లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

రోగి ఊపిరితిత్తి నుండి తీసిన చిన్న ముక్కకు ప్రత్యేకమైన రంగు పట్టించి, కాన్సర్ కణాలలో నూటికి ఎన్నింటిపై పి.డి.ఎల్.1 ఉన్నదో సూక్ష్మదర్శినిలో లెక్కించడమే ఇక్కడ చెప్పుకుంటున్న పరీక్ష. ఈ లెక్కకు గల విలువ ఎంతో 2016లో రెండు అంతర్జాతీయ ప్రయోగాలు తేల్చి చెప్పాయి. పెంబ్రోలిజుమాబ్ మందుపై జరిగిన ప్రయోగంలో 1653 మంది ముక్కలు పరీక్షకు పనికిరాగా, కణాలలో సగమో అంతకు మించియో ఈ ప్రొటీను ఉన్నవారు 500 మంది మాత్రమే తేలారు. వారి నుండి ఎంపిక చేసిన 305 మందిలో కొందరికి ఈ మందు, కొందరికి సాంప్రదాయిక కీమోథెరపీ ఇచ్చారు. అయిదేళ్ళ తరువాత చూస్తే మొదటి వర్గంలో నూటికి సుమారు 32 మంది, రెండవ వర్గంలో 16 మంది జీవించి ఉన్నారు. ముదిరిన ఊపిరితిత్తుల కాన్సర్ విషయంలో ఇది సామాన్యమైన ఫలితం కాదు. ఆ కాలంలోనే నివొలుమాబ్ అనే అదే తరగతి మందుపై మరొక ప్రయోగం జరిగింది. అందులో ఎంపికకు గీటురాయిని బాగా దించి, 5 శాతం కణాలపై ప్రొటీను కనిపించినా చాలునన్నారు. మందు కీమోథెరపీ కంటె మెరుగు అనిపించుకోలేకపోయింది. రెండు మందులూ ఒకే కుదురువి. ఫలితాలలో ఇంత తేడా రావడానికి ఎంపిక గీత ఎక్కడ గీశారన్నది ఒక ముఖ్య కారణమని నిపుణులు భావించారు.

ఇది దైవవాక్కు వంటి పరీక్ష అని ఎవరూ అనరు. ఎక్కువ పాసులున్నా మందు పనిచేయని వారు ఉన్నారు. అసలు లేకపోయినా కీమోథెరపీతో కలిపి ఇచ్చినప్పుడు మేలు పొందే వారూ ఉన్నారని 2018లో మరొక ప్రయోగం తెలిపింది. కాని ఈ ఒక్క మందుతో సరిపెట్టవచ్చునా, కీమోథెరపీ కూడా జోడించాలా, అసలు ఈ దారి వదలి వేరే దారి పట్టాలా అని నిర్ణయించే వైద్యునికి ఈ అంకె లేకపోతే చీకటిలో నడకే.

వేరే దారి అన్నది మన దేశంలో చిన్న విషయం కాదు. ఊపిరితిత్తుల కాన్సర్‌లో ఎక్కువగా కనిపించే ఎడినోకార్సినోమా రకం రోగులలో దాదాపు నాలుగో వంతు మందికి ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు ఉంటుంది. కొద్దిమందికి ఎ.ఎల్.కె. అనే మరొక జన్యువులో మార్పు ఉంటుంది. వీరికి ఇంటి వద్ద మింగే మాత్రలు బాగా పనిచేస్తాయి. ఇమ్యునోథెరపీ వల్ల వీరికి కలిగే ప్రయోజనం స్వల్పం. పైగా ఇ.జి.ఎఫ్.ఆర్. మార్పు ఉన్న రోగికి ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చి, వెంటనే ఒసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తులు ప్రమాదకరంగా వాచే అవకాశం పెరుగుతుందని 2019లో వెలువడిన పరిశీలన హెచ్చరించింది. పరీక్ష చేయకుండా, లేదా ఫలితం వచ్చే వరకు ఆగకుండా మందు మొదలుపెడితే నష్టం డబ్బుతో పోయేది కాదన్న మాట.

ఉక్కు పట్టణం నుండి చూస్తే

ఢిల్లీలో పన్ను శాతాలుగా కనిపించే ఈ సమస్య జంషెడ్‌పూర్ వంటి పట్టణం నుండి చూచినప్పుడు మనిషి రూపం ధరిస్తుంది. 1907లో టాటా సంస్థ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు దిమ్మెలు వెలువడిన నాటి తరువాత ఈ పట్టణానికి దేశం నలుమూలల నుండి శ్రామికులు వచ్చారు. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు.

ఊపిరితిత్తుల కాన్సర్‌కు పొగాకు ప్రధాన కారణమన్న మాట నిజం. అయితే కోకు తయారీని, ఇనుము ఉక్కు పోత పనిని కూడా అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ ఈ వ్యాధికి కారణం కాగల వృత్తులలో చేర్చింది. ఇదే జిల్లాలోని జాదూగుడాలో 1967 నుండి యురేనియం గని పని మొదలయింది. అటువంటి గనులలో వెలువడే రాడాన్ వాయువు ఊపిరితిత్తుల కాన్సర్‌కు రుజువైన కారణాలలో ఒకటి. పొరుగున పశ్చిమ సింగ్‌భూమ్‌లో చాయిబాసా దాపున రోరో కొండల మీది ఆస్బెస్టాస్ గనులు 1983లో మూతపడినా, తవ్వి పోసిన వ్యర్థం కొండ మీదనే మిగిలిపోయింది. ఏ ఒక్క యాజమాన్యం మీదా నేరం మోపడం నా ఉద్దేశం కాదు. దేశానికి ఉక్కును, ఖనిజాన్ని ఇచ్చిన ప్రాంతం, తన ఊపిరితిత్తుల విషయంలో దేశం నుండి కొంత ప్రత్యేక శ్రద్ధ ఆశించడం అత్యాశ కాదని చెప్పడమే ఉద్దేశం.

ఈ పట్టణానికి కాన్సర్ వైద్యంతో చరిత్రాత్మకమైన బంధం కూడా ఉన్నది. 1924లో ఉక్కు కంపెనీ దివాలా అంచుకు చేరినప్పుడు సర్ దొరాబ్జీ టాటా తన స్వంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి నగలను తాకట్టు పెట్టి దానిని నిలబెట్టారు. ఆ మెహర్‌బాయి 1931లో రక్త కాన్సర్‌తో మరణించారు. ఆమె పేర 1932లో ఏర్పడిన ధర్మనిధి రక్త కాన్సర్ పరిశోధనకు సాయపడింది. దొరాబ్జీ పేరిటి ధర్మనిధి 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రిని నెలకొల్పింది. 1975 నుండి జంషెడ్‌పూర్‌లోనే మెహర్‌బాయి టాటా స్మారక కాన్సర్ ఆస్పత్రి పనిచేస్తున్నది. ఇంతటి వారసత్వం లేని పట్టణాలు మన దేశంలో వందలున్నవి. అక్కడి రోగుల సంగతి వేరే చెప్పనక్కర లేదు.

కిందటి శీతాకాలంలో ఇక్కడి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సమీపంలో బస చేసిన ఒక తెలుగు కుటుంబాన్ని కలుసుకున్నాను. జంషెడ్‌పూర్ నుండి పురుషోత్తం ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారు. తండ్రి విశ్రాంత కార్మికుడు. మూడు తరాలుగా అక్కడ ఉంటున్నా వారి మాటలో శ్రీకాకుళం యాస చెక్కు చెదరలేదు. ఎక్స్‌రేలో మచ్చ చూచి ఒక వైద్యుడు నెలల తరబడి క్షయకు మందులిచ్చాడు. తరువాత వేరొక చోట ముక్క తీసి కాన్సర్ అని తేల్చారు. ఆ ముక్కను మరొక మహానగరానికి పరీక్షకు పంపారు. పన్నెండు రోజులకు వచ్చిన జవాబు, పరీక్షకు సరిపడినన్ని కణాలు లేవని.

"ముక్క సాల్నేదంట బాబూ. మల్లీ తియ్యాలంట. ఆయనకి ఊపిరే సరిగ్గా ఆడ్నేదు, మల్లీ సూది ఎలగ గుచ్చుతారండి?" అని కొడుకు నన్ను అడిగాడు. నా వద్ద సమాధానం లేదు. ఇమ్యునోథెరపీ చేయించక తప్పదని ఎవరో చెప్పగా టెక్కలి దగ్గర పూర్వుల నాటి ఎకరం పొలానికి అప్పటికే బేరం పెట్టారు. ఢిల్లీలో రెండవసారి తీసిన ముక్కలో ఇ.జి.ఎఫ్.ఆర్. మార్పు బయటపడింది. ఆ వృద్ధునికి కావలసినది మాత్ర. పొలం అమ్మి కొనదలచిన మందు ఆయన కోసం కాదు. ఈ సంగతి మొదటి ముక్కతోనే తెలిసి ఉండవలసింది.

ఆవగింజంత ముక్క

తెలియకపోవడానికి గల కారణాలు అంతు చిక్కనివేమీ కావు. ఊపిరితిత్తి లోతు నుండి సూదితోనో గొట్టంతోనో తీసే ముక్క చాలా చిన్నది. దానిని ఫార్మలిన్ ద్రావకంలో తగినంత సేపు, అంటే సాధారణంగా 6 గంటలకు తక్కువ కాకుండా 72 గంటలకు మించకుండా ఉంచి, మైనపు దిమ్మెలో పొదిగి, పలుచని పొరలుగా కోసి గాజు పలకలపై పరచాలి. ద్రావకం నాణ్యత చెడినా, సమయం తప్పినా కణాలపై ఉన్న ప్రొటీను రంగు పట్టదు. పి.డి.ఎల్.1 లెక్కకు కనీసం వంద సజీవ కాన్సర్ కణాలు కనిపించాలి. కాన్సరా కాదా, అయితే ఏ రకం అని తేల్చడానికే మొదటి పొరలన్నీ ఖర్చు పెట్టేస్తే, అసలు మందును నిర్ణయించే పరీక్షకు మిగిలేది మైనమే. మొదటి కోతలోనే కొన్ని పొరలను పక్కన దాచి, వైద్యుడు వేరే చీటీ వ్రాసే వరకు ఆగకుండా ఈ పరీక్షలన్నీ వెంటనే మొదలుపెట్టే పద్ధతి మంచి కేంద్రాలలో అమలులో ఉన్నది. దానికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర లేదు. శిక్షణ పొందిన టెక్నీషియన్, తీరిక గల పాథాలజిస్టు, ఒక వ్రాతపూర్వకమైన నియమావళి కావాలి.

పన్ను విషయంలో పరీక్షను పూర్తిగా మరచిపోయారని అనడం అన్యాయమవుతుంది. 2025 సెప్టెంబరు నిర్ణయాలలో రోగ నిర్ధారణ కిట్లపై, రసాయనాలపై పన్ను కూడా 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. కాని పన్ను తగ్గింపు, ఖర్చు చేయగలిగిన వాడికే ఉపశమనం. చేయలేని వాడి ఖర్చు ఎవరు భరిస్తారన్నది ప్రభుత్వ పథకాల స్వరూపం మీద ఆధారపడి ఉంటుంది.

ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా పథకాన్ని ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ 2018 సెప్టెంబరు 23న ప్రారంభించినది జార్ఖండ్ రాజధాని రాంచీలోనే. కుటుంబానికి ఏటా అయిదు లక్షల రూపాయల వరకు రక్షణ ఇచ్చే ఈ పథకం పేదలకు గొప్ప అండ అనడంలో సందేహం లేదు. అయితే అది ఆస్పత్రిలో చేరిక చుట్టూ అల్లుకున్నది. చేరికకు ముందు మూడు రోజులు, విడుదల తరువాత పదిహేను రోజుల ఖర్చులకే అందులో చోటు. దిమ్మె మహానగరం చేరి, పరీక్ష జరిగి, జవాబు రావడానికి వారం నుండి రెండు వారాలు పట్టే వ్యాధికి మూడు రోజుల కొలబద్ద సరిపోదు. అందుచేత చికిత్స ఉచితమై, ఏ చికిత్సో తేల్చే పరీక్ష మాత్రం రోగి జేబు మీద పడే విచిత్ర పరిస్థితి తలెత్తుతున్నది.

ఈ ఖాళీలోకి మందుల కంపెనీలు ప్రవేశించాయి. తమ మందు వాడవలసిన వారిని గుర్తించే పరీక్షను అవే ఉచితంగా చేయించే పద్ధతి కొంతకాలంగా ఉన్నది. దాని వల్ల ఎందరో రోగులకు మేలు జరిగిన మాట కాదనలేము. కాని సరుకు అమ్మేవాడే తూకపు రాళ్ళు కూడా సరఫరా చేయడం ఏ సంతలోనూ శాశ్వతమైన ఏర్పాటు కాజాలదు. కంపెనీ ఆసక్తి తగ్గిన రోజున రాళ్ళు కూడా వెళ్ళిపోతాయి.

పేద దేశంలో ఇది విలాసమా?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేని చోట ఈ పరీక్షల గోల ఎందుకని అడిగే వారున్నారు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో ఊపిరితిత్తుల కాన్సర్ కొత్తగా సోకిన వారు సుమారు 81 వేల మంది, మరణించిన వారు సుమారు 75 వేల మంది. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండడమే ఈ వ్యాధి ఎంత ఆలస్యంగా బయటపడుతున్నదో చెబుతున్నది. దగ్గుతో వచ్చిన ప్రతివాడికీ క్షయ మందు ఇచ్చి పంపే అలవాటు మారనిదే ఏ పరీక్షా పెద్దగా అక్కరకు రాదు.

అయినా ఈ పరీక్షను విలాసంగా లెక్కించడం లెక్క తప్పడమే. ఇమ్యునోథెరపీ పూర్తి మోతాదుకు లక్షల రూపాయలు అవుతుంది. పరీక్షకు అయ్యేది వేలలో. ఏ దేశానికైనా ఖరీదైన మందును అందరికీ ఇవ్వగల స్తోమత లేనప్పుడు, పనికివచ్చే వారిని వేరు చేయడమే పొదుపు. 2025 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముదిరిన ఊపిరితిత్తుల కాన్సర్‌కు పెంబ్రోలిజుమాబ్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. ఇక ఈ మందును ప్రభుత్వాలు కొనాలన్న ఒత్తిడి ఇక్కడ కూడా పెరగక మానదు. అప్పుడు పరీక్షా వ్యవస్థ సిద్ధంగా లేకపోతే ఖజానా డబ్బు గాలికి పోతుంది. తక్కువ మోతాదుతో మేలు సాధించవచ్చునేమోనన్న అన్వేషణలో మన శాస్త్రజ్ఞులు వెనుకబడి లేరు. తల, మెడ కాన్సర్ రోగులకు నివొలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతుకు లోపుగా ఇచ్చినా ఏడాది తరువాత జీవించి ఉన్నవారు నూటికి 16 నుండి 43కు పెరిగినట్లు టాటా మెమోరియల్ వైద్యులు 2022లో చూపించారు. అది వేరే కాన్సర్; ఊపిరితిత్తులకు యథాతథంగా వర్తింపజేయరాదు. కాని పొదుపును, శాస్త్రాన్ని జోడించగల సత్తా మనకు ఉన్నదనడానికి అది నిదర్శనం.

పార్లమెంటు చేయవలసినది ఏమిటి? ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం 2022 సెప్టెంబరులో కాన్సర్ వైద్యంపై సమర్పించిన 139వ నివేదికలో, కాన్సర్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల కోవలో చేర్చాలని సిఫారసు చేసింది. ఆ సంఘమే ఇప్పుడు పరీక్షల విషయాన్ని ప్రత్యేకంగా చేపట్టవచ్చును. మందును నిర్ణయించే పరీక్షను ఆ చికిత్సలో భాగంగానే పరిగణించి, రోగి ఆస్పత్రిలో చేరినా చేరకపోయినా దాని ఖర్చును ఆరోగ్య బీమా పథకం చెల్లించేటట్లు నిబంధన మార్చడం మొదటి పని. ప్రాంతానికి ఒక ప్రభుత్వ ప్రయోగశాలను గుర్తించి, చుట్టుపక్కల జిల్లాల దిమ్మెలు అక్కడికి చేరే ఏర్పాటు, జవాబుకు గడువు, నాణ్యతపై బయటి తనిఖీ రెండవది. జంషెడ్‌పూర్ చుట్టూ ఉన్న గనుల జిల్లాలకు ఇది ఎంత అవసరమో, మరొక ఉక్కు పట్టణమైన విశాఖపట్నం చుట్టూ ఉన్న ఉత్తరాంధ్రకు అంతే అవసరం. అక్కడి అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి ఉండనే ఉన్నది. మన రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులు ఈ కోరికను పక్షాలకు అతీతంగా వినిపించవచ్చును.

మూడేళ్ళలో జిల్లా ఆస్పత్రులన్నింటిలో కాన్సర్ డే కేర్ కేంద్రాలు నెలకొల్పుతామని, 2025-26లోనే 200 ప్రారంభిస్తామని 2025 బడ్జెట్టులో ఆర్థిక మంత్రి ప్రకటించారు. రోగి ఉదయం వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరగల ఆ ఏర్పాటు హర్షించదగినదే. ఆ కేంద్రాలలో మంచాలు ఎన్ని, సీసాలు ఎన్ని అని సభ్యులు తప్పక అడుగుతారు. ఆ సీసాలో ఏ మందు ఉండాలో చెప్పే చీటీ ఎక్కడి నుండి, ఎన్ని రోజులకు వస్తుందని కూడా ప్రశ్నోత్తరాల సమయంలో ఒక్కరైనా అడగాలి.